చెన్నైలో ఏ బడి? బోర్డు కన్నా ముందు ఆరో తరగతి, తొమ్మిదో తరగతి లెక్క చూసుకోండి

ఉద్యోగం మీద చెన్నై వచ్చి సోళింగనల్లూరులోనో, పెరుంబాక్కంలోనో ఇల్లు కుదుర్చుకున్న తెలుగువాళ్లు మొదట అడిగేది స్టేట్ బోర్డా, సీబీఎస్‌ఈయా అనే. పెరంబూరు, జార్జ్‌టౌన్, విల్లివాక్కంలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు ఆ ప్రశ్న అంతగా అడగవు, ఎందుకంటే వాళ్లు ఎటూ పోరు. అసలు తేడా అక్కడుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కలు, సైన్సు ఏ బోర్డులోనైనా సుమారుగా ఒకే దారిలో నడుస్తాయి. పిల్లల్ని ఇబ్బంది పెట్టేవి రెండు: ఏయే భాషలు చదవాలి, ఏ తరగతిలో ఊరు మారుతున్నాం. ఈ రెంటికీ జవాబు దొరికితే బోర్డు దాదాపు దానంతటదే తేలుతుంది.

ముందు ఇక్కడి బడుల వరస

తమిళనాడులో 1–5 ప్రాథమిక పాఠశాల, 6–8 మాధ్యమికం, 9–10 హైస్కూలు, 11–12 హయ్యర్ సెకండరీ. మన ఇంటర్ లాంటి విడి కాలేజీ ఇక్కడ ఉండదు. ప్లస్ వన్, ప్లస్ టూ అదే బడిలో సాగుతాయి. కాబట్టి మంచి బడిలో ఆరో తరగతిలో చేరితే పన్నెండు దాకా మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఎనిమిదితోనో, పదితోనో ఆగిపోయే బడులూ ఉన్నాయి. చేర్చేముందే పై తరగతులు ఎంతవరకు ఉన్నాయో అడగండి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా కనీస ప్రమాణాలు ఏ బోర్డుకైనా ఒకటే. ఏడాదికి 1–5 తరగతులకు 200 పనిదినాలు, 6–8కి 220. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు, ఆ పైన 35 మందికి ఒకరు. ‘మా బోర్డులో సెక్షన్‌కి యాభై మంది మామూలే’ అని ఎవరైనా అంటే, అది బోర్డు తీరు కాదు, ఆ బడి తీరు.

బడి గురించి మాట్లాడేటప్పుడు మూడు సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి: ఎవరు నడుపుతున్నారు, ఏ సిలబస్, ఏ మీడియం. ప్రభుత్వ, కార్పొరేషన్, ఎయిడెడ్, ప్రైవేటు అన్నవి నడిపేవాళ్ల సంగతి. వీటన్నిటిలోనూ స్టేట్ సిలబస్ ఉండొచ్చు, అందులో ఇంగ్లీషు మీడియమూ ఉండొచ్చు. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం పెట్టే మాట ‘మెట్రిక్’. ఒకప్పుడు మెట్రిక్యులేషన్‌కి విడి బోర్డు, విడి సిలబస్ ఉండేవి. 2010లో వచ్చిన ఏకరూప పాఠశాల విద్యా చట్టం స్టేట్ బోర్డు, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ బోర్డులను కలిపేసింది. 2011లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అన్ని తరగతుల్లో అమలైంది. దాన్నే ఇక్కడ సమచ్చీర్ కల్వి అంటారు. ఇప్పుడు మెట్రిక్ బడి అంటే ఇంగ్లీషు మీడియంలో స్టేట్ సిలబస్ చెప్పే ప్రైవేటు బడి, అంతే. పక్కనున్న ప్రభుత్వ బడిలోనూ అదే సిలబస్, పదిలో అదే ప్రశ్నపత్రం. ‘మెట్రిక్ సిలబస్ కొంచెం హై’ అని ఎవరన్నా చెబితే పదిహేనేళ్ల కిందటి మాట చెబుతున్నారని లెక్క.

భాషల లెక్క

స్టేట్ సిలబస్‌లో రెండే భాషలు. 1968 నుంచి తమిళనాడుది ద్విభాషా విధానం. పార్ట్ వన్ తమిళం, పార్ట్ టూ ఇంగ్లీషు. హిందీ లేదు. 2006 తమిళ అభ్యాస చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయ్యి, ఏటా ఒక తరగతి చొప్పున పెరిగి, 2015–16కి పదో తరగతిని చేరింది. తెలుగు మాతృభాషగా ఉన్న పిల్లలు దాన్ని ఐచ్ఛిక భాషగా అదనంగా రాయొచ్చు గానీ, తమిళం బదులు రాయడం కుదరదు. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకెళ్తే 2016 నుంచి కొన్నేళ్లు పదో తరగతిలో తమిళం పేపరు నుంచి మినహాయింపులు దొరికాయి. అవి ఏడాదికేడాది పొడిగింపులే తప్ప శాశ్వతమైన హక్కు కాదు. మళ్లీ దొరుకుతుందన్న ఆశతో తమిళం పక్కన పెట్టి పిల్లను పదికి పంపడం చాలా పెద్ద జూదం.

మరి తమిళం కష్టమా? ఒకటో తరగతిలో చేరిన పిల్లకు కష్టం కాదు. మాటలు వీధిలోనే వచ్చేస్తాయి. లిపిలో మాత్రం మన పిల్లలు తడబడే చోట్లు రెండున్నాయి. క, గ రెంటికీ తమిళంలో ఒకటే అక్షరం. త, ద అంతే, ప, బ అంతే. ఏది ఎలా పలకాలో మాటలో అక్షరం ఉన్న చోటును బట్టి తెలుసుకోవాలి. రెండోది న, ర, ల అక్షరాల రకాలు. డిక్టేషన్‌లో మార్కులు పోయేది ఎక్కువగా వీటి దగ్గరే. రెండు, మూడు తరగతుల్లో రోజూ పావుగంట చదివించి రాయిస్తే దారికొస్తుంది. ఆరో తరగతిలో నేరుగా చేరిన పిల్లాడి సంగతి వేరు. అక్కడికి పాఠంలో పద్యాలు, వ్యాకరణం, బట్టీ పట్టాల్సిన భాగాలు వచ్చేస్తాయి. వీధిలో మాట్లాడే తమిళానికీ పుస్తకంలోని తమిళానికీ దూరమూ ఎక్కువే. ఆరు దాటి చేరే పిల్లలకు స్టేట్ సిలబస్ సలహా ఇవ్వడానికి మాకు మనసొప్పదు, ఇంట్లో తమిళం చదవగల పెద్దలు ఉంటే తప్ప.

సీబీఎస్‌ఈలో ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు భాషలు, తొమ్మిది, పదిలో కనీసం రెండు. బోర్డు జాబితాలో తెలుగు ఉంది. ఆంధ్రప్రదేశ్ తెలుగుకి 007, తెలంగాణ తెలుగుకి 089 అని విడివిడి కోడ్‌లు కూడా ఉన్నాయి. కానీ బోర్డులో ఉండటం వేరు, మీ వీధి చివరి బడిలో తెలుగు టీచరు ఉండటం వేరు. చెన్నై సీబీఎస్‌ఈ బడుల్లో సాధారణంగా దొరికేది తమిళం, హిందీ, సంస్కృతం, ఫ్రెంచి. పైగా 2014 నాటి రాష్ట్ర ఉత్తర్వు సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులకూ తమిళాన్ని చేర్చింది. 2015–16లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, 2024–25కి పదో తరగతి చేరేలా లెక్క వేశారు. ఆచరణలో బడికో తీరుగా ఉంటుంది. కాబట్టి ‘తమిళం ఉందా’ అని అడిగితే చాలదు. ఏ తరగతి దాకా, రెండో భాషగానా మూడో భాషగానా, మార్కులు మొత్తంలో కలుస్తాయా, మధ్యలో చేరిన పిల్లలకు ఏం చేస్తారు అని నాలుగూ అడగండి, వీలైతే ఈమెయిల్లో.

కేంద్రీయ విద్యాలయాల్లో ఇంగ్లీషు, హిందీ, సంస్కృతం నడుస్తాయి. తమిళం భయం లేదు, తెలుగు ఆశా లేదు.

పరీక్షల తేడా

తమిళనాడు పదో తరగతి అయిదు పేపర్లు, 500 మార్కులు. తమిళం, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్. ఒక్కోదానిలో 35 వస్తే పాస్. సైన్సులో 75 రాతపరీక్షకు, 25 ప్రాక్టికల్‌కు. సీబీఎస్‌ఈలో సబ్జెక్టుకి 80 బోర్డు పరీక్ష, 20 అంతర్గత మార్కులు, పాస్‌కి 33 శాతం. లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయిలు. ప్లస్ వన్‌లో మ్యాథ్స్ తీసుకోవాలనుకునేవాళ్లు బేసిక్ జోలికి పోకపోవడం మంచిది. 2026 నుంచి పదికి రెండు విడతలు వచ్చాయి. ఫిబ్రవరిలో మొదటిది అందరికీ తప్పనిసరి, మేలో రెండోది మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోవడానికి.

ఐసీఎస్‌ఈలో ఇంగ్లీషుకి భాష, సాహిత్యం రెండు పేపర్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడు విడి పేపర్లు. ఆరేడు తరగతుల నుంచే ఇవి విడిపోతాయి. పుస్తకాల బరువు, రాసే పని రెండూ ఎక్కువ. ఇంగ్లీషు చదవడం ఇష్టపడే పిల్లకు చాలా బాగుంటుంది, ఇష్టం లేని పిల్లకు రోజూ ట్యూషనే. చెన్నైలో ఈ బడులు తక్కువ. మూడేళ్లలో మరో ఊరు పోతే అక్కడ దొరుకుతుందన్న నమ్మకమూ తక్కువే.

స్టేట్ సిలబస్ సులువన్న మాట పాతబడింది. 2018–19 నుంచి దశలవారీగా కొత్త పుస్తకాలు వచ్చాక తొమ్మిది, పది సైన్సు బాగా బరువెక్కింది. అలవాటు మాత్రం మారలేదు. పుస్తకం వెనకున్న ప్రశ్నలనే మళ్లీమళ్లీ రాయించే బడులు చాలా ఉన్నాయి. ఆరో తరగతి పిల్లాడి లెక్కల నోట్‌బుక్ చూడమని అడగండి. ప్రతి పేజీలో టీచరు బోర్డు మీద చేసిన లెక్కే ఉండి, పిల్లాడి సొంత తప్పు ఒక్కటీ కనబడకపోతే అక్కడ ఏ సిలబస్ అయినా ఒకటే.

ఫెయిల్ విషయం. తమిళనాడు ఎనిమిది దాకా ఎవర్నీ ఆపదు, 2025 ఆగస్టులో వచ్చిన రాష్ట్ర విద్యా విధానమూ అదే అంది. కేంద్రం 2024 డిసెంబర్‌లో మార్చిన నియమం కేంద్రీయ విద్యాలయాల వంటి వాటికి వర్తిస్తుంది. అక్కడ అయిదు, ఎనిమిదిలో తప్పితే రెండు నెలల్లో మళ్లీ పరీక్ష, అదీ తప్పితే అదే తరగతి. ఆపకపోవడం మంచిదే గానీ, లోటు ఎనిమిది దాకా కనబడకుండా దాగి తొమ్మిదిలో ఒక్కసారిగా బయటపడుతుంది. పదిలో నూరు శాతం ఫలితం చూపించుకోవాలనుకునే ప్రైవేటు బడులు కొన్ని తొమ్మిది చివర బలహీనమైన పిల్లల్ని టీసీ తీసుకోమని మెల్లగా చెబుతాయి. అందుకే పది ఫలితాల ఫ్లెక్సీ చూసి మురిసిపోకండి. నిరుడు తొమ్మిదిలో ఎంతమంది, ఈ ఏడు పదిలో ఎంతమంది అని అడగండి. నలుగురైదుగురు తగ్గడం మామూలు. సగం సెక్షన్ మాయమైతే సంగతి అర్థమైనట్టే.

ఆరు, తొమ్మిది: తర్వాత దిద్దుకోలేని మలుపులు

ఇక్కడే ఉండిపోయే కుటుంబానికి ఆరో తరగతి చాలా కీలకమైనది. ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 దాకా చదివి నీట్ రాసినవాళ్లకు తమిళనాడు వైద్య సీట్లలో 7.5 శాతం 2020 చట్టం ప్రకారం విడిగా ఉంటాయి. 2021లో ఇంజనీరింగ్, వ్యవసాయం, న్యాయం వంటి కోర్సులకూ అదే శాతం ఇచ్చారు. కార్పొరేషన్ బడి ప్రభుత్వ బడి కిందే లెక్క, ఎయిడెడ్ కాదు. చేరేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి డిగ్రీలో చేరిన ఆడపిల్లలకు పుదుమై పెణ్ పథకంలో నెలకు 1000 రూపాయలు. 2024లో మగపిల్లలకు అలాంటిదే తమిళ్ పుదల్వన్ పథకం వచ్చింది. ఏడో తరగతిలో ప్రైవేటు నుంచి ప్రభుత్వ బడికి మారితే మామూలుగా ఇవేవీ దక్కవు. మారదలచుకుంటే అయిదు పూర్తయిన వేసవిలోనే మారాలి. ప్రభుత్వోద్యోగాల్లో తమిళ మీడియం వాళ్లకున్న 20 శాతం రిజర్వేషన్‌కైతే ఒకటో తరగతి నుంచే తమిళ మీడియం ఉండాలి. ఇంగ్లీషు మీడియం కోసం ఆత్రపడేవాళ్లు ఇదొక్కసారి లెక్కలో వేసుకోవాలి.

ఉంటారో, పోతారో తెలియని కుటుంబాలకు తొమ్మిదో తరగతి ముఖ్యం. తెలంగాణలో వైద్య విద్యకు స్థానికత రావాలంటే 9 నుంచి 12 దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివుండాలి. 2024లో వచ్చిన ఈ నియమాన్ని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికే సడలింపులు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువే మొదట చూసే లెక్క. తమిళనాడు వైపు నుంచి, వేరే రాష్ట్రం వాళ్లు ఇక్కడ వైద్య సీటుకు పోటీ పడాలంటే 6 నుంచి 12 ఇక్కడ చదివుండాలి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు 8 నుంచి 12. అదీ ఓపెన్ కేటగిరీలోనే. ఆంధ్ర నుంచి తెచ్చుకున్న బీసీ పత్రం ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఎనిమిది అయ్యాక హైదరాబాద్ వెళ్తే అక్కడ స్థానికత దొరుకుతుంది. తొమ్మిదో, పదో ఇక్కడ ముగించి వెళ్తే అక్కడా దొరకదు, ఇక్కడా పోతుంది. ‘పదయ్యాక ఇంటర్‌కి విజయవాడ పంపిద్దాం’ అనుకునే ఇళ్లు చెన్నైలో ఎన్నో. డాక్టరు చదువు ఆలోచన ఉంటే ఆ నిర్ణయం పదయ్యాక కాదు, ఎనిమిదిలోనే తీసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వోద్యోగాల స్థానికతకు 1 నుంచి 7 ఎక్కడ చదివారన్నది చూస్తారు గనుక ఆ లెక్క ఇంకా ముందే మొదలవుతుంది.

తిరిగి వెళ్లేవాళ్లకు భాష మరో చిక్కు. ఆంధ్రలో పది 600 మార్కులు, తెలుగు, హిందీ రెండూ ఉంటాయి. చెన్నై స్టేట్ సిలబస్ పిల్లాడికి రెండూ రావు. తెలంగాణలో 2018 చట్టం సీబీఎస్‌ఈతో సహా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేసింది. తెలుగు అంతగా రాని పిల్లల కోసం ‘వెన్నెల’ అనే సులభ పుస్తకం 2025–26లో తొమ్మిదికి, తర్వాతి ఏడాది పదికి పెట్టారు. అంటే ఏ బడిలో చదివించినా ఇంట్లో తెలుగు చదవడం, రాయడం మూడో తరగతి లోపు నేర్పేస్తేనే తర్వాత తిప్పలు తగ్గుతాయి. వారానికి రెండు గంటలు చాలు, కానీ ఆపకూడదు.

నవోదయ మీద ఆశ ఉంటే ఒక మాట. తమిళనాడులో జవహర్ నవోదయ విద్యాలయాలు లేవు. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే అయిదో తరగతి నవోదయ ఉన్న జిల్లాలోనే చదువుతుండాలి. చెన్నైలో అయిదు చదువుతూ నెల్లూరు జిల్లా నుంచి రాయడం కుదరదు.

మరి ఎవరికి ఏది

మూడు, నాలుగేళ్లలో బదిలీ తప్పదంటే సీబీఎస్‌ఈ. కేంద్ర ఉద్యోగమైతే కేంద్రీయ విద్యాలయమే మొదట ప్రయత్నించాలి. అక్కడ విద్యాలయ వికాస్ నిధి పేరుతో తీసుకునే ఫీజు నెలకు 500 రూపాయలే, బదిలీపై మరో కేవీలో చేరడమూ తేలిక. చెన్నైలోనే స్థిరపడితే, పిల్ల ఇంకా చిన్నదైతే, స్టేట్ సిలబస్‌ని చిన్నచూపు చూడకండి. మంచి హయ్యర్ సెకండరీ దాకా ఉన్న ప్రభుత్వ బడి నడక దూరంలో ఉంటే లక్షల ఫీజు ఎందుకు కట్టాలో మాకు తెలియదు. 2022 సెప్టెంబర్‌లో మొదలైన ఉదయపు టిఫిన్ పథకం అయిదో తరగతి దాకా ఉంది, పుస్తకాలు ఉచితం. ఊరు ఖాయం కాక, పిల్ల ఇప్పటికే ఆరు, ఏడులో ఉంటే తమిళం పదిలో తప్పనిసరి కాని ఏర్పాటు రాతపూర్వకంగా చెప్పగల సీబీఎస్‌ఈ బడి వెతకండి. ఐసీఎస్‌ఈ ఆ పిల్ల స్వభావం చూసి తీసుకునేదే తప్ప పేరు చూసి కాదు.

వయసు, ఫీజు, కాగితాలు

స్టేట్ బడుల్లో ఒకటో తరగతికి జులై 31కి అయిదేళ్లు నిండాలి. కేవీలో మార్చి 31కి ఆరేళ్లు, పై తరగతుల్లోనూ ఆ వరసనే. అయిదేళ్లకే ఒకటిలో వేసి మూడులో కేవీకి మార్చబోతే వయసు చాలదు, ఒక తరగతి వెనక్కి పోవాలి. కేవీ ఆలోచన ఉన్నవాళ్లు తొందరపడొద్దు. ప్రైవేటు సీబీఎస్‌ఈ బడులు మార్చి చివర, ఏప్రిల్‌లోనే పాఠాలు మొదలుపెడతాయి, స్టేట్ బడులు జూన్‌లో. ఆంధ్ర నుంచి జూన్‌లో వచ్చే పిల్లకు సీబీఎస్‌ఈలో నెల పాఠాలు పోయి ఉంటాయి.

ఫీజుకి 2009 నాటి తమిళనాడు ఫీజుల నియంత్రణ చట్టం కింద నిర్ణయ కమిటీ ఉంది. ఆ బడికి కమిటీ ఇచ్చిన ఉత్తర్వు నకలు చూపమనండి. చూపని బడి రసీదు సరిగా ఇస్తుందన్న నమ్మకం తక్కువ. డొనేషన్ తీసుకుంటే విద్యాహక్కు చట్టం ప్రకారం దానికి పదింతల దాకా జరిమానా. పిల్లకో, తల్లిదండ్రులకో పరీక్ష పెడితే మొదటిసారి 25,000 దాకా. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఉచిత 25 శాతం సీట్లు ప్రధానంగా ఎల్‌కేజీలో. జులై 31కి మూడేళ్లు, బలహీనవర్గ కోటాకు ఏడాది ఆదాయం 2 లక్షల లోపు, ఇల్లు కిలోమీటరు లోపు. మతపరమైనా, భాషాపరమైనా అల్పసంఖ్యాకుల బడులకు ఇది వర్తించదు. తెలుగు ట్రస్టులు నడిపే కొన్ని బడులూ ఈ లెక్కలోకే వస్తాయి.

‘సీబీఎస్‌ఈ ప్యాటర్న్’ అని బోర్డు పెట్టిన బడి దగ్గర ఆగి ఆలోచించండి. సీబీఎస్‌ఈ అనుబంధం (అఫిలియేషన్) ఉన్న బడికి నంబరు ఉంటుంది, తమిళనాడులో అది 19తో మొదలవుతుంది. బోర్డు వారి సారస్ పోర్టల్లో ఆ నంబరు కొట్టి, ఎన్నో తరగతి దాకా, ఏ ఏడాది దాకా అనుమతి ఉందో చూడండి. అనుబంధం లేకపోతే తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్‌కి పిల్లల్ని ఇంకో బడి పేరున చూపిస్తారు. ఆ తర్వాత పుట్టినతేదీ తప్పు పడినా దిద్దించడానికి రెండు బడుల మధ్య తిరగాలి.

ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేటప్పుడు టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల పత్రంతో పాటు పిల్లల పెన్ నంబరు (దేశమంతటికీ ఒకటే ఉండే విద్యార్థి నంబరు) రాయించుకోండి. పాత బడివాళ్లు కేంద్రం నడిపే యూడైస్ పోర్టల్లో పిల్లను వెళ్లినట్టు చూపి, బడి మారేవాళ్ల జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లో పెడితేనే చెన్నై బడి తమ జాబితాలోకి, తమిళనాడు విద్యార్థుల పోర్టల్ ఈఎంఐఎస్‌లోకి తీసుకోగలదు. చాలా చేరికలు నెలల తరబడి వేలాడేది దీని దగ్గరే, కాబట్టి టీసీ తీసుకునే రోజే అక్కడే కూర్చుని ఆ పని చేయించుకోండి. బాకీ ఉందని టీసీ ఆపితే, టీసీ లేదని ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ఎనిమిది లోపు చేరికను నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ చెబుతోంది. ఆ మాట దరఖాస్తులో రాసి ఇవ్వండి. పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో, టీసీలో ఒక్కలాగే ఉన్నాయా చూసుకోండి. ఇక్కడ ఇంటిపేరు బదులు తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా వేయడం అలవాటు. తెలుగు పిల్లల పేర్లు తప్పిపోయేది అక్కడే. దిద్దించాలంటే తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌కి ముందే దిద్దించాలి.